అరుగు నుంచి పెరడు దాకా: తెలుగు ఇంట్లో పనుల చోట్లు

ఒకే కప్పు కింద వండే చోటు, తినే చోటు, పడుకునే చోటు, వచ్చినవాళ్లను కూర్చోబెట్టే చోటు, దేవుడి చోటు వేరువేరుగా ఏర్పరచుకోవడాన్ని ఈనాటి ఇంటీరియర్ డిజైనర్లు ‘జోనింగ్’ అంటున్నారు. ఇందుకు గోడే కట్టాలని లేదు. గడప, నేల ఎత్తు, వెలుతురు, తెర, చెప్పులు విడిచే అలవాటు, ఒక్కోసారి ఉత్త మొహమాటం కూడా ఒక చోటును మరో చోటు నుంచి విడదీస్తాయి. తెలుగు ఇళ్లలో ఈ పంపకం ఎలా ఉండేదో, ఎలా మారిందో ఏలూరు జిల్లా ముసునూరు చుట్టుపక్కల ఊళ్లను ఆధారం చేసుకుని ఈ వ్యాసం వివరిస్తుంది.

ముసునూరు 2022 ఏప్రిల్ 4 దాకా కృష్ణా జిల్లాలో ఉండేది. నూజివీడు, ఆగిరిపల్లి, చాట్రాయి మండలాలతో కలిసి నూజివీడు శాసనసభ నియోజకవర్గంలో ఉంది. డెల్టా కాలువలు ముగిసి మెట్ట మొదలయ్యే నేల ఇది. మండలంలోని బలివే దగ్గర తమ్మిలేరు పారుతుంది. పల్లంలో వరి, మెరకలో మామిడి. కాబట్టి ఇక్కడి రైతు ఇల్లు మనుషులతో పాటు ధాన్యానికీ, పశువులకూ, ఏడాదికి రెండు నెలలు మామిడి కాయలకూ చోటు చూపాల్సి వచ్చింది. ఈ వ్యాసానికి ఈ ప్రాంతాన్ని ఎంచుకోవడానికి కారణం అదే.

మాటల్లో దొరికే పటం

తెలుగులో గదికి పాత పేరు ‘ఇల్లే’. వంటిల్లు, నట్టిల్లు, పడకటిల్లు, పురిటిల్లు అన్న మాటల్లో ఇల్లు అంటే మొత్తం కట్టడం కాదు, ఒక పని జరిగే చోటు. నట్టిల్లు అంటే నడిమి ఇల్లు. పనికొక ఇల్లు, ఆ ఇళ్లన్నీ కలిస్తే మళ్లీ ఒక ఇల్లు! ఇంత పొదుపుగా ఆలోచించిన భాష, ఇప్పుడు ‘టూ బెడ్‌రూమ్ హాల్ కిచెన్’ అనే నాలుగు ముక్కల్లో ఇంటిని చెప్పేస్తోంది. ఆ నాలుగు ముక్కల్లో అరుగు లేదు, పంచ లేదు, పెరడు లేదు. పేరు పోయిన చోటు ప్లానులోంచి కూడా పోవడం ఆశ్చర్యమేమీ కాదు.

గుమ్మాలకూ అలాంటి పేర్లే ఉన్నాయి. వీధిగుమ్మం, దొడ్డిగుమ్మం అన్న రెండు మాటలు చాలు, ఇంటికి ముఖమేదో వీపేదో తెలియడానికి. పాత ఇళ్లలో తరచుగా ఈ రెండు గుమ్మాలూ ఒకే వరసలో ఉండేవి. వీధిలో నిలబడి చూస్తే పెరట్లోని తులసికోట కనిపించేది. చూపు వెళ్లినంత దూరం మనిషి వెళ్లడానికి మాత్రం అనుమతి ఉండేది కాదు.

వీధి నుంచి దొడ్డి దాకా

పెంకుటింటి పనుల వరస వీధి నుంచి వెనక్కి సాగుతుంది. మొదట అరుగు. నేలకు రెండు మూడు అడుగుల ఎత్తున, గుమ్మానికి రెండు వైపులా ఉండే ఈ గట్టు ఇంటివాళ్లదే గాని వాడకం వీధిది. బాటసారి కూర్చుంటాడు, బేరగాడు బుట్ట దించుతాడు, సాయంత్రం ఊరి కబుర్లు నడుస్తాయి. అరుగు దాటితే పంచ లేదా వసారా. ఇంటాయన పడక కుర్చీ ఇక్కడే. తోట లెక్కలు చూడటం, కౌలు మాట్లాడటం, బంధువు కాని పెద్దమనిషికి మజ్జిగ ఇవ్వడం ఇక్కడ జరుగుతాయి. దాని వెనక నట్టిల్లు: పెట్టెలు, బీరువా, చిలకకొయ్యలకు వేలాడే బట్టలు, పగలు చుట్టి పెట్టి రాత్రి పరిచే పరుపులు. పక్కన ధాన్యం గాదో బస్తాల కొట్టో. ఆ వెనక వంటిల్లు, దాన్ని ఆనుకుని దేవుడి మూల. చివర పెరడు: నుయ్యి, గాబు, రోలు, అంట్లు తోమే చప్టా, తడికల చాటున స్నానాల చోటు, కూరపాదులు, మరో పక్క పశువుల పాక.

ఈ వరసను ‘లోపలికి వెళ్లేకొద్దీ సొంతం’ అనే సూత్రంగా చెప్పవచ్చు. వాస్తుశిల్పి క్రిస్టఫర్ అలెగ్జాండర్, ఆయన సహచరులు 1977లో ప్రచురించిన ‘ఎ ప్యాటర్న్ లాంగ్వేజ్’లో దాదాపు ఇదే సూత్రం ఉంది. వీధికి దగ్గర చోట్లు అందరివి, లోపలికి పోయేకొద్దీ ఆంతరంగికం కావాలని, ఈ క్రమం లేని ఇంట్లో ప్రతి రాకపోకా ఇబ్బందిగానే ఉంటుందని వాళ్ల వాదం. అయితే మన ఇంట్లో ఈ క్రమానికి ఇంకొక కొలత తోడయింది. అది తడి, పొడి. నీళ్ల పనులన్నీ వెనక, పొడి పనులన్నీ ముందు. మురుగు ఎటు పోవాలో అటే వంట, స్నానం, అంట్లు. ధాన్యానికీ కాగితాలకూ చెమ్మ తగలకుండా అవి నడుమ. పైపుల నీళ్లు లేని కాలంలో నూతికి దగ్గరగా ఏముండాలన్న లెక్కే ప్లానులో సగం గీసేసింది.

ఈ వరసను తలచుకుని మురిసిపోయేవాళ్లు మరచిపోయే సంగతి ఒకటుంది. అరుగు అందరిదీ కాదు. కొన్ని కులాలవాళ్లు అరుగెక్కకుండా వీధిలోనే నిలబడి మాట్లాడాల్సి వచ్చేది. పాలేరు దొడ్డిగుమ్మం వైపు నుంచి వచ్చి పశువుల పాక దగ్గరే అన్నం తినేవాడు. అంటరానితనాన్ని 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది గాని, ఇంటి ప్లాను ఆ రేఖలను ఇంకా చాలాకాలం మోసింది. లోపలా అంతే. నెలసరి రోజుల్లో ఆడవాళ్లు పంచలోనో పెరటి వైపు గదిలోనో విడిగా చాప, విడిగా చెంబుతో ఉండాల్సి వచ్చేది. మడి కట్టుకున్న వంటింట్లోకి ఎవరు ఏ వేళ అడుగుపెట్టవచ్చో పిల్లలకు కూడా తెలుసు. వీధి వైపు మగవాళ్ల రాజ్యం, పెరటి వైపు ఆడవాళ్ల లోకం. వాళ్ల పలకరింపులు, చేబదుళ్లు, తగువులు పెరటి దడి మీదుగానే నడిచేవి. పని సులువు కోసం చేసిన పంపకమూ, మనుషుల మీద అధికారం కోసం చేసిన పంపకమూ ఒకే గోడలో కలిసిపోయి ఉంటాయి. పాత ఇంటి నుంచి కొత్త ఇంటికి ఏం తెచ్చుకోవాలో ఎంచుకునేవాళ్లు ఈ రెంటినీ విడదీసి చూడాలి.

మండువా

కృష్ణా, గోదావరి జిల్లాల్లో కలిగినవాళ్లు కట్టుకున్నది మండువా లోగిలి. ఇంటి నడుమ ఆకాశం కనిపించే చదరం, నాలుగు వైపులా దాని మీదికి వాలిన పెంకు కప్పు, కప్పును మోసే చెక్క స్తంభాలు, చుట్టూ వసారాలు, వాటి వెనక గదులు. వాన నీరు నాలుగు వైపుల నుంచి చదరంలోకి జారి తూము గుండా బయటికి పోతుంది. వేడెక్కిన గాలి పైకి లేచిపోవడం వల్ల ఎండాకాలం లోపలి వసారాలు కాస్త తెరిపిగా ఉంటాయి.

పనుల పంపకం దృష్టిలో మండువా గొప్పతనం దానికి స్థిరమైన పని లేకపోవడమే. పొద్దున వడియాలు ఎండుతాయి, మధ్యాహ్నం దాని చుట్టూ భోజనాల వరస, సాయంత్రం పిల్లల చదువు, రాత్రి నవారు మంచాలు, పెళ్లి వస్తే పీటలు. నడుమ ఖాళీ ఉండబట్టే చుట్టూ ఉన్న గదులకు ఒక్కో పని నిలిచింది. నేటి హాలు మండువా వారసురాలినని చెప్పుకోవచ్చు గాని, సోఫా సెట్టు పడ్డాక దానికి ఆ స్వేచ్ఛ లేదు. మండువాలో సామాను మడిచి పక్కన పెట్టేవాళ్లు. హాల్లో సామాను కోసం మనుషులే పక్కకు తప్పుకుని నడుస్తారు.

కప్పు కూడా ఈ కథలో పాత్రధారే. క్రైస్తవ ప్రచార సంస్థ బాసెల్ మిషన్ 1865లో మంగుళూరులో పెంకుల కర్మాగారం పెట్టిన తర్వాత, ఒకదానిలో ఒకటి ఇమిడే పెద్ద పెంకులు క్రమంగా దక్షిణాదంతా వ్యాపించాయి. చేతితో చేసిన చిన్న పెంకులకన్నా ఇవి తేలిక, కోతుల అల్లరికి తట్టుకునేవి.

ఒంటి గది ఇల్లు

ఊళ్లో అందరివీ లోగిళ్లు కావు. తాటాకు పూరిల్లు ఒకే గది. నడుమ నిట్రాడు, చుట్టూ మట్టిగోడ. గోడలతో విడదీసే వీలు లేనందున ఇక్కడ విభజన నిలువుగా సాగింది. కూర, పెరుగు ఉట్టి మీద. బట్టలు దండెం మీద. చిన్న సామాను గోడ గూట్లో. ఎప్పుడో గాని తీయనివి అటక మీద. నేల మాత్రం ఖాళీ. పొయ్యి వానాకాలం లోపల, ఎండాకాలం బయట తడిక చాటున. పడక వేసవిలో వాకిట్లో నులకమంచం. పొద్దున్నే కళ్లాపి చల్లి ముగ్గు పెట్టాక అదే వాకిలి ఇంటి ముంగిలి. చోటుకు పనిని గోడ ఇవ్వదు, వేళ ఇస్తుంది. చిన్న ఫ్లాటుకు మడత మంచాలు, గోడకు మడిచే బల్లలు అమ్మే కంపెనీలు ఈనాడు చెబుతున్న మాట ఇదే, కాకపోతే చాలా ఖరీదుగా.

మామిడి కాలపు పంపకం

ఏప్రిల్ వచ్చేసరికి ఈ ప్రాంతపు ఇళ్లలో పటం మారిపోతుంది. ఆవకాయ పెట్టడాన్నే చూడండి. కాయలు కడగడం పెరట్లో. తుడిచి ఆరబోయడం వసారాలో పరిచిన గుడ్డ మీద. టెంకతో సహా ముక్కలు కొట్టడం మళ్లీ పెరటి గట్టున. ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలపడం లోపలి గదిలో, ఒక్క చుక్క నీటి తడి లేని చేతులతో. మూడో రోజు తిరగకలిపిన జాడీ వాసెన కట్టి చీకటి కొట్లోకి. ఒక్క పచ్చడి తడి చోటు, ఆరే చోటు, పొడి చోటు, చీకటి చోటు అనే నాలుగు మజిలీలు కోరుకుంటుంది. ఇవి కలిసిపోతే బూజు పడుతుంది. ఆవకాయ పెట్టే ఇంట్లో జోనింగ్ అన్న మాట తెలియకపోయినా దాని శిక్ష తెలుసు.

మగ్గవేయడం ఇంకో పని. పక్వానికి వచ్చిన కాయలను ఒక గది నేల మీద వరిగడ్డి పరిచి, వరసలుగా పేర్చి, మీద మళ్లీ గడ్డి కప్పి తలుపు వేస్తారు. కాయలే విడుదల చేసే ఇథిలీన్ వాయువు, గడ్డి పట్టి ఉంచే వెచ్చదనం కలిసి వాటిని పండిస్తాయి. ఆ కొద్ది రోజులు ఆ గది పడకకు పనికిరాదు, వాసన మాత్రం ఇల్లంతా. కాల్షియం కార్బైడ్‌తో పండించడాన్ని 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు నిషేధించాయి. వ్యాపారపు సరుకు ఇప్పుడు ఇథిలీన్ వాయువు వాడే మగ్గించే గదుల్లోకి పోతోంది గాని, ఇంటి వాడకానికి గడ్డి గది చాలా చోట్ల మిగిలే ఉంది.

పండు తినే చోటును కూడా రకమే నిర్ణయిస్తుంది. బంగినపల్లి అయితే ముక్కలు కోసి పళ్లెంలో పెట్టి హాల్లోకి తేవచ్చు, అతిథి చేతికి ఇవ్వచ్చు. చిన్న రసం, పెద్ద రసం అలా కుదరవు. పిసికి, ముచ్చిక తీసి, మోచేతుల దాకా కారుతుండగా చీకాల్సిన పళ్లు. వాటి చోటు పెరటి గట్టే, పక్కన నీళ్ల బాల్చీతో. తెల్ల టైల్స్ పరిచిన ఇళ్లలో రసాలు తినడం తగ్గి గ్లాసులో జ్యూస్ పెరగడానికి రుచి మారడం ఒక్కటే కారణమని నేననుకోను.

దిక్కుల లెక్క

పనుల చోట్లను దిక్కులకు కట్టిన పద్ధతి వాస్తు. మయమతం, మానసారం వంటి సంస్కృత గ్రంథాలు స్థలాన్ని చదరపు గళ్లుగా విభజించి ఒక్కో గడికి ఒక్కో దేవతను చెప్పాయి. వాడుకలో మిగిలింది తేలిక రూపం: ఆగ్నేయంలో పొయ్యి, ఈశాన్యంలో నీళ్లు లేక పూజ, నైరుతిలో బరువైన సామాను లేక యజమాని పడక, నడుమ బ్రహ్మస్థానం ఖాళీ. మండువా ఇల్లు ఈ చివరి నియమానికి చక్కగా సరిపోతుంది. నీళ్లను, నిప్పును, బరువును వేరువేరు మూలలకు పంపడం పనులను విడదీసే పద్ధతే. కానీ విశాలమైన విడి స్థలానికి పుట్టిన లెక్కను ఆరో అంతస్తు ఫ్లాటుకు అంటగట్టి, గాలి వెలుతురు బాగా వచ్చే వంటింటిని పగలగొట్టి మూలకు మార్చడం మాత్రం ఖర్చుతో కూడిన భయమే.

వంటింటి చుట్టూ తిరిగిన ప్రపంచం

20వ శతాబ్దంలో పనుల పంపకం గురించి ప్రపంచం వంటింట్లోంచే ఆలోచించింది. అమెరికాలో క్రిస్టీన్ ఫ్రెడరిక్ కర్మాగారాల సమయ లెక్కలను ఇంటి పనికి వర్తింపజేసి 1913లో పుస్తకం తెచ్చింది. 1926లో ఆస్ట్రియా వాస్తుశిల్పి మార్గరెటె షూటె-లిహోట్స్కీ రూపొందించిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు మాత్రమే. ఆ నగరపు ఇళ్లలో అలాంటివి దాదాపు 10,000 అమర్చారు. నడక తగ్గింది, వంటచేసే మనిషి ఒంటరి కూడా అయింది. జపానులో వాస్తుశిల్పి ఉజో నిషియామా తినే చోటు, పడుకునే చోటు వేరుగా ఉండాలని వాదించాడు. 1951 నాటి అక్కడి ప్రభుత్వ గృహాల ప్లాను వంట, భోజనం కలిసిన గదిని వాడుకలోకి తెచ్చింది. అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1930ల చివర్లో కట్టిన చిన్న ఇళ్లలో వంట చోటును కూర్చునే చోటు వైపు తెరిచాడు. మన నగరాల్లో ‘ఓపెన్ కిచెన్’గా అమ్ముడవుతున్నది ఆ వంశంలోదే.

పొయ్యి, సింకు, ఫ్రిజ్ మూడింటినీ కలిపే ‘పని త్రికోణం’ కూడా ఆ పరిశోధనల ఫలమే. మూడు భుజాలూ కలిపి 26 అడుగులు మించకూడదంటారు. తెలుగు వంటింట్లో ఈ త్రికోణానికి నాలుగో మూల ఉంది: రుబ్బడం. ఒకప్పుడు రోలు, ఇప్పుడు గ్రైండర్, మిక్సీ. ఇడ్లీ పిండికి నానబోత, రుబ్బు, కడుగు అన్నీ నీళ్ల పనులే, చప్పుడు పనులే. దానికి విడిగా చోటు ఇవ్వని మాడ్యులర్ కిచెన్ ఎంత మెరిసినా నెల తిరిగేసరికి గ్రైండర్ బాల్కనీకి చేరుతుంది. తాలింపు ఘాటు సంగతి సరేసరి. ఎండుమిరపకాయ నూనెలో పడగానే హాల్లో కూర్చున్న అతిథి దగ్గితే, గోడ ఎందుకుండేదో అప్పుడు అర్థమవుతుంది.

స్లాబు, గ్యాసు, టీవీ

పల్లె ఇంటి పటాన్ని మార్చింది పుస్తకాలు కాదు, మూడు వస్తువులు. మొదటిది కాంక్రీటు స్లాబు. పెంకు కప్పు వాలును బట్టి గదులు వరుస కట్టాల్సి వచ్చేది. స్లాబు కింద ఎటైనా గది వేయవచ్చు. మండువా మూతపడింది. బదులుగా డాబా మీద కొత్త చోటు పుట్టింది: పగలు మామిడి ఒరుగులు, మిరపకాయలు ఎండటానికి, రాత్రి పడకకు. పగలంతా కాగిన స్లాబు రాత్రి కింద గదుల్లోకి వేడిని వదులుతుంటే మనుషులు దాని పైకెక్కి పడుకోవడం వేసవి మెట్ట ఊళ్లలో మామూలే.

రెండోది గ్యాసు. 1999లో మొదలైన దీపం పథకం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేద ఇళ్లకు గ్యాసు కనెక్షన్లు తెచ్చింది. పొయ్యి నేల మీంచి గట్టు మీదికి ఎక్కింది, కూర్చుని చేసే వంట నిలబడి చేసే వంట అయింది. పొగ, మసి పోవడంతో వంటింటిని ఇంటి వెనక దాచాల్సిన అవసరం తగ్గింది. నేల మీద పీట, విస్తరి స్థానంలోకి భోజనాల బల్ల వచ్చిందీ ఈ వరసలోనే. అయినా చాలా ఇళ్లలో ఆ బల్ల ప్లాస్టిక్ డబ్బాలకు, మందులకు చోటైపోయి, తినడం టీవీ ముందు సాగుతోంది.

ఆ టీవీయే మూడోది. 1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం మొదలయ్యాక టీవీ ఉన్న ఇంటి ముందు గది ఆదివారం పొద్దున ఊరందరి గది అయింది. అరుగు దాటని కొందరు తొలిసారి లోపలికి వచ్చింది ఆ కారణంగానే కావచ్చు. హాల్లో కుర్చీలు ఒకదానికొకటి ఎదురుగా ఉండటం మాని గోడ వైపు తిరిగాయి.

చదరపు అడుగుల పాలన

చోటు చిన్నదయ్యేకొద్దీ పంపకం ప్రభుత్వ పత్రాల్లోకి చేరింది. జాతీయ భవన నిర్మాణ స్మృతి నివాసయోగ్యమైన గది ఒక్కటే ఉంటే అది 9.5 చదరపు మీటర్లకు తగ్గకూడదని, రెండు ఉంటే రెండోది కనీసం 7.5 చదరపు మీటర్లు ఉండాలని చెబుతుంది. 2016లో మొదలైన గ్రామీణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన కనీస విస్తీర్ణాన్ని 20 నుంచి 25 చదరపు మీటర్లకు పెంచింది, అందులో శుభ్రమైన వంట చోటును కలిపింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో ప్రారంభమైన పేదల ఇళ్ల పథకంలో పల్లెలో సెంటున్నర, పట్టణంలో సెంటు స్థలం ఇచ్చారు. 340 చదరపు అడుగుల ఇంట్లో పడకగది, హాలు, వంటగది, మరుగుదొడ్డి, వరండా. పల్లె మనిషి ఆ ప్లానులో మొదట వెతికేది పెరడు. సెంటున్నర అంటే సుమారు 653 చదరపు అడుగులు. ఇల్లు కట్టగా మిగిలిన చోట నీళ్ల డ్రమ్ము, కట్టెల పొయ్యి, మేక, బట్టల దండెం అన్నీ సర్దుకోవాలి. అందుకే ఇలాంటి ఇళ్లలో గృహప్రవేశం తర్వాత జరిగే మొదటి మార్పు సామాన్యంగా వెనక రేకుల షెడ్డు. ప్లాను మరచిపోయిన చోటును మనుషులు రేకులతో గుర్తుచేస్తారు.

మరుగుదొడ్డి ప్రయాణం మరీ పొడవు. ఒకప్పుడు అది ఇంటి పటంలోనే లేదు. తర్వాత పెరటి చివర, ఆపైన దొడ్డిగుమ్మం పక్కకు, ఇప్పుడు పడకగదిని ఆనుకుని. పెద్దతరం వాళ్లు ఇప్పటికీ ‘అటాచ్డ్’ గది ఇస్తే ఇబ్బంది పడి బయటిదే వాడటం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. తడి పనికి వెనక చోటన్న పాత లెక్క వాళ్ల ఒంట్లోనే ఉంది.

ఫ్లాట్లలో, విదేశాల్లో

విజయవాడ, హైదరాబాదు అపార్టుమెంట్లలో పెరడు ‘యుటిలిటీ’ పేరుతో మూడడుగుల బాల్కనీగా బతికింది. అరుగు పని లిఫ్టు దగ్గర చెప్పుల స్టాండు చేస్తోంది. హాలుకూ భోజనాల చోటుకూ నడుమ జాలీ పలక, పూజకు గోడలో అమర్చిన మందిరం, ఫాల్స్ సీలింగులో తేడా వెలుతురు, నేలన చిన్న తివాచీ. ఇవన్నీ గోడ లేకుండా గీత గీసే పద్ధతులు. నడిచే దారి మూడడుగులైనా వదిలి, వెలుతురును అడ్డుకోకుండా చేస్తే మంచి పద్ధతులే. 2020 లాక్‌డౌన్‌లో ఈ ఇళ్లకు కొత్త పని వచ్చి పడింది: ఆఫీసు, బడి రెండూ ఒకే హాల్లో. చప్పుడును విడదీయడానికి జాలీ పలక పనికిరాదని అప్పుడు తెలిసింది. తలుపున్న నట్టింటి విలువ కూడా.

అమెరికాలోని తెలుగువాళ్లు కొత్త ఇల్లు కొనేటప్పుడు తెరిచి ఉన్న పెద్ద వంటింటి వెనక ‘స్పైస్ కిచెన్’ అనే రెండో వంటగది అడగడం కనిపిస్తోంది. ముందుది చూపుకు, వెనకది తాలింపుకు. చేపల పులుసు కాచేది వెనకదాంట్లోనే.

ముసునూరు వైపు ఇప్పుడు కట్టే డాబా ఇళ్లలో ఏసీ పెట్టిన అతిథి గది ఒకటి ఉంటోంది. మే నెలలో తలుపు తీసి చూస్తే మంచం గోడకు నిలబెట్టి, టైల్స్ మీద వరిగడ్డి పరిచి, రసాలు వరసగా పేర్చి ఉండవచ్చు. ఏసీ ఆపేసి ఉంటుంది. అతిథికి పక్క డాబా మీద.